తాతల నాటి రైఫిల్‌ను భద్రంగా, పనికొచ్చేలా ఉంచుకోవడం ఎలా?

పాత రైఫిల్ వారసత్వంగా చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని దాన్ని తుడిచి మెరిపించడం. వరుసలో ఆ పని నిజానికి అయిదోది. లోపల తూటా ఉందా, చట్టప్రకారం అది మీ దగ్గర ఉండవచ్చా, అసలు అది ఏ రైఫిల్, దానితో కాల్చవచ్చా? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికే దాకా నూనె డబ్బా మూత తీయనక్కర్లేదు.

మరో మాట కూడా ముందే చెబుతాను. వాడకం వల్ల పాడైన పాత తుపాకుల కన్నా అతిశ్రద్ధ వల్ల పాడైనవే నాకు ఎక్కువగా కనిపించాయి. గరుకు కాగితంతో అరగదీసిన చెక్క, ఆమ్లం పూసి తెల్లబరచిన ఇనుము, తలలు చెదిరిన స్క్రూలు, మూతి దగ్గర అరిగిపోయిన గొట్టం. ఇవన్నీ ప్రేమతో చేసిన పనులే. అందువల్ల కింద 'చేయండి' అన్న మాట ఎన్నిసార్లు వస్తుందో 'ఆగండి' అన్న మాట కూడా దాదాపు అన్నిసార్లు వస్తుంది.

ముందు ఖాళీగా ఉందో లేదో చూడండి

'అది ఎన్నో ఏళ్లుగా ఖాళీగానే ఉంది' అని ఇంట్లో ఎవరు చెప్పినా నమ్మవద్దు. చెప్పినవారు అబద్ధం ఆడుతున్నారని కాదు. చివరిసారి దాన్ని మూలన పెట్టిన మనిషి ఇప్పుడు లేడు, అంతే.

రైఫిల్‌ను ఆరుబయటికి తీసుకువెళ్లి, మూతిని మెత్తటి నేల వైపు తిప్పి పట్టుకోండి. ఇంటి గోడ రైఫిల్ గుండును ఆపుతుందనుకోవడం పొరపాటు. వేలు ట్రిగ్గర్‌కు దూరంగా, చెక్క పక్కన చాచి ఉండాలి. మేగజైన్ (తూటాలు నింపే పెట్టె) ఊడివచ్చేదైతే ముందు దాన్ని తీయండి, ఆ తర్వాత బోల్టు, అంటే గొట్టాన్ని వెనక నుంచి మూసే కదిలే కడ్డీ, తెరవండి. వరుస ముఖ్యం. మేగజైన్ తీయకుండా బోల్టు ఆడిస్తే, ఒక తూటా బయటికి వచ్చేలోపే ఇంకొకటి లోపలికి వెళుతుంది.

బోల్టు తెరిచాక కంటితో చూడండి, తర్వాత చిటికెన వేలు చాంబర్‌లోకి, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటులోకి, పెట్టి తడమండి. రెండూ చేయాలి. పాతబడి నల్లబారిన తూటా ఇత్తడి తొడుగు చీకటి చాంబర్‌లో కలిసిపోయి కంటికి ఆనదు, వేలికి మాత్రం దొరుకుతుంది. గొట్టం కింద మరో సన్న గొట్టంలా మేగజైన్ ఉండే లీవరు రైఫిళ్లతో (ట్రిగ్గర్ దగ్గరి లీవరును ఆడించి తూటా ఎక్కించే రకం) మరింత జాగ్రత్త అవసరం. లోపలి స్ప్రింగు తుప్పుపట్టి బిగుసుకుపోతే, ఒకటి రెండు తూటాలు మధ్యలో ఇరుక్కుని ఉంటాయి. లీవరు ఎన్నిసార్లు ఆడించినా ఏమీ రాదు, ఖాళీ అనుకుంటాం. తర్వాత ఎప్పుడో ఒక కుదుపుకు స్ప్రింగు కదులుతుంది. మేగజైన్ చివర తూటాలను నెట్టే బిళ్ల కళ్లారా కనిపిస్తేనే అది ఖాళీ అని నమ్మాలి.

మూతి నుంచి మందు దట్టించే రకం తుపాకీ అయితే తెరిచి చూడటానికి ఏమీ ఉండదు. దానికొక పాత పద్ధతి ఉంది. సన్నటి చెక్క కడ్డీని మూతిలోంచి అడుగు తగిలేదాకా మెల్లగా దించండి. మూతి అంచు దగ్గర కడ్డీ మీద గుర్తు పెట్టి, బయటికి తీసి, గొట్టం పక్కన అదే గుర్తు మూతికి సరిపడేలా ఆనించండి. కడ్డీ కొన నిప్పు అంటుకునే రంధ్రం దాకా రావాలి. రెండు మూడు వేళ్ల వెడల్పు ముందే ఆగిపోయిందంటే లోపల ఏదో ఉంది. అది పాత మందూ గుండూ కావచ్చు, కందిరీగల గూడూ కావచ్చు. నల్లమందు, అంటే పాతకాలపు నల్ల తుపాకీమందు, తేమ తగలకుండా ఉంటే తరాలు గడిచినా అంటుకునే గుణం కోల్పోదు కాబట్టి, మందే ఉందనుకుని నడుచుకోవాలి. గోకవద్దు, పొడవవద్దు, వేడి చేయవద్దు. తుపాకులు మరమ్మతు చేసే నిపుణుడికి కబురు పెట్టండి. చాంబర్‌లో ఇరుక్కుపోయి బయటికి రాని తూటాకూ ఇదే మాట వర్తిస్తుంది. మూతి వైపు నుంచి కడ్డీతో కొట్టి దాన్ని బయటికి తోయాలని చూసేవారు, తమ ముఖాన్నీ చేతినీ సరిగ్గా గుండు ఎదురుగా పెడుతున్నారన్న మాట.

కాగితాలు

దీని గురించి క్లుప్తంగా చెబుతాను, అయినా దాటవేయడానికి లేదు. చాలాచోట్ల ఆయుధానికి ఇచ్చే అనుమతి మనిషికి ఇచ్చేది. ఆ మనిషి పోయాక అది వారసులకు దానంతట అదే రాదు. పేరు మార్పించుకోవడానికి గడువు ఉండవచ్చు, అప్పటిదాకా ఆయుధాన్ని అప్పగించి ఉంచాలన్న నియమమూ ఉండవచ్చు. ఉన్న ఊరు దాటించి మరమ్మతుకు తీసుకువెళ్లే ముందే మీరుండే చోట చట్టం ఏమంటుందో కనుక్కోండి. రైఫిల్ మీద ఉన్న వరుస సంఖ్యను కాగితంలోని సంఖ్యతో అంకె అంకెగా పోల్చి చూడండి. తేడా కనిపిస్తే దాచకుండా అధికారులకు ముందే చెప్పడం మేలు.

అది ఏ రైఫిల్?

గొట్టం మీద, రిసీవర్ (గొట్టం, బోల్టు అమరే నడిమి ఉక్కు భాగం) మీద, బోల్టు మీద ఉన్న ప్రతి అక్షరాన్నీ ముద్రనూ పక్కనుంచి వెలుతురు పడేలా పెట్టి ఫొటో తీయండి. మరుగున పడిన ముద్రలు ఏటవాలు వెలుతురులో పైకి తేలి కనిపిస్తాయి. బోల్టు మీది సంఖ్య, రిసీవర్ మీది సంఖ్య ఒకటేనా అన్నది ప్రత్యేకంగా చూడండి. వేర్వేరుగా ఉంటే ఆ బోల్టు వేరే రైఫిల్‌ది. అది చక్కగా అమరినట్టు అనిపించినా, కొలతలు తీయించకుండా కాల్చకూడదు.

ముద్ర ఉంది కదా అని దాన్నే తూటాకు ఆధారం చేసుకోవడంలో ప్రమాదం ఉంది. వందేళ్లలో ఒక రైఫిల్ గొట్టం మారి ఉండవచ్చు, చాంబర్‌ను ఇంకో తూటాకు సరిపడేలా తొలిచి ఉండవచ్చు. జర్మన్ల 1888 నాటి రైఫిల్ దీనికి మంచి ఉదాహరణ. దాని మొదటి గుండు వ్యాసం సుమారు 8.08 మిల్లీమీటర్లు. 1905లో వచ్చిన కొత్త గుండు 8.2 మిల్లీమీటర్లు దాటింది. రెండు తూటాలూ పైకి ఒకేలా ఉంటాయి, రెండింటినీ జనం '8 మిల్లీమీటర్ల మౌజర్' అనే అంటారు. ఇరుకు గొట్టంలోకి లావు గుండును, దాని ఎక్కువ పీడనంతో సహా పంపితే ఏమవుతుందో ఊహించుకోండి. 1888 నాటి రైఫిళ్లలో చాలావాటిని తర్వాత కొత్త గుండుకు అనువుగా మార్చారు, కొన్నింటిని మార్చలేదు.

పేరు ఒకటే అయినా పీడనం ఒకటి కాకపోవడం ఇంకో చిక్కు. 1873లో అమెరికా సైన్యం తీసుకున్న '.45-70' తూటా నల్లమందు కాలానిది. ఆ పేరుతోనే ఈనాటి బలమైన రైఫిళ్ల కోసం చాలా ఎక్కువ పీడనమిచ్చే తూటాలూ తయారవుతున్నాయి. అవి పాత రైఫిల్ చాంబర్‌లోకి హాయిగా దూరతాయి. చాంబర్‌లో పట్టిందంటే సరైన తూటాయే అన్న భ్రమ ముందు పోవాలి. నల్లమందు కోసం చేసిన గొట్టంలో పొగలేని మందు (తర్వాత వచ్చిన, ఎక్కువ పీడనమిచ్చే తుపాకీమందు) తూటా కాల్చకూడదన్నది, మినహాయింపుల గురించి ఆలోచించకుండా పాటించాల్సిన నియమం.

కొన్ని రైఫిళ్లకు పుట్టుకలోనే లోపం ఉంది. అమెరికా 1903 నమూనా స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిళ్లలో తొలినాటివాటి రిసీవర్లకు కొలిమి దగ్గర ఉక్కును కంటి అంచనాతో వేడిచేశారు. కొన్ని అతిగా కాలి పెళుసుబారాయి. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో తయారైనవాటిలో 8,00,000 లోపు సంఖ్య, రాక్ ఐలండ్‌లో తయారైనవాటిలో 2,85,507 లోపు సంఖ్య ఉన్నవాటిని కాల్చవద్దని జాగ్రత్తపరులు చెబుతారు. మీ చేతిలో ఉన్న నమూనాకు ఇలాంటి చరిత్ర ఏమైనా ఉందా అన్నది గుర్తింపు పూర్తయ్యాక తప్పకుండా ఆరా తీయండి.

నిపుణుడి చేత చూపించండి

ఇంట్లో చేయకూడని పని ఇది. నిపుణుడు చూసేవాటిలో ముఖ్యమైనది హెడ్‌స్పేస్, అంటే మూసిన బోల్టు ముఖానికీ, చాంబర్‌లో తూటా ఆనుకునే చోటుకూ మధ్య దూరం. దీన్ని ఉక్కుతో చేసిన కొలత దిమ్మలతో చూస్తారు. ఒక దిమ్మ మీద బోల్టు మూసుకోవాలి, ఇంకొకదాని మీద మూసుకోకూడదు. ఆ దూరం పెరిగితే తూటా పేలినప్పుడు ఇత్తడి తొడుగు వెనక్కి సాగి, అడుగుకు కొంచెం పైన చిట్లుతుంది. మండే వాయువు కాల్చేవారి ముఖం వైపు తన్నుకొస్తుంది. నాలుగో నంబరు లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లకు ఈ దూరం సరిచేయడానికే బోల్టు తలలను 0 నుంచి 3 వరకు అంకెలు వేసి వేర్వేరు పొడవుల్లో చేశారు. మిగతా చాలా రైఫిళ్లకు అంత తేలిక మార్గం లేదు.

చాంబర్ ఏ తూటాకు తొలిచారో అనుమానంగా ఉంటే అచ్చు తీయమని అడగండి. దీనికి 70 నుంచి 88 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే ప్రత్యేక మిశ్రలోహం ఉంది. దాన్ని చాంబర్‌లో పోసి, గడ్డకట్టగానే బయటికి తీస్తారు. ముందు కాస్త కుంచించుకుని, గంట తర్వాత సరిగ్గా చాంబర్ కొలతకు వస్తుంది. అప్పుడు కొలిస్తే ముద్రలు దాచిన నిజం బయటపడుతుంది.

వీటితోపాటు గొట్టంలో ఉబ్బు, బోల్టు చెవుల (బోల్టును బిగించి పట్టే పొడుచుకొచ్చిన ముక్కల) దగ్గర పగుళ్లు, ఫైరింగ్ పిన్ను (తూటాను కొట్టి పేల్చే సూది) కొన అరుగుదల, స్ప్రింగుల సత్తువ కూడా చూపించండి. 'కాల్చడానికి పనికిరాదు' అని తేలితే నిరాశ పడనక్కర్లేదు. కాల్చని రైఫిల్‌ను కూడా తుప్పు తినకుండా చూసుకోవాలి, కింది పనుల్లో చాలా భాగం దానికీ వర్తిస్తాయి. శాశ్వతంగా పనిచేయకుండా చేయించే ఆలోచన వస్తే మాత్రం తొందరపడవద్దు. ఒకసారి కోసి అతికిన గొట్టం మళ్లీ మునుపటిలా కాదు.

గొట్టం శుభ్రం చేయడం

ఇప్పుడు చేతికి పని. గాలి ఆడే చోట కూర్చోండి, పలచటి చేతి తొడుగులు వేసుకోండి. పాత గొట్టంలో సీసం మసి ఉంటుంది. ఆ బల్ల మీద తిండి పెట్టుకోవద్దు, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. తూటాలేవీ ఆ గదిలోనే ఉండకూడదు.

బోల్టు తీసేసి, కడ్డీని వెనక నుంచి, అంటే చాంబర్ వైపు నుంచి పంపండి. మూతి అంచు గుండు గొట్టాన్ని విడిచే ఆఖరి చోటు. అక్కడ ఒక పక్క వెంట్రుకవాసి అరిగినా వాయువు ఆ పక్కనుంచే ముందు తప్పించుకుని గుండును పక్కకు నెడుతుంది. పాత సైనిక రైఫిళ్లలో చాలావాటి మూతులు యుద్ధంలో అరగలేదు. రోజూ మూతి నుంచి ఉక్కు కడ్డీ దూర్చి తుడిచిన క్రమశిక్షణ వల్ల అరిగాయి. వెనక నుంచి దారి లేని లీవరు రైఫిళ్లకు చాంబర్ వైపు నుంచి లాగే తాడు బ్రష్ వాడండి, లేదా మూతికి కడ్డీ తగలకుండా మధ్యలో పట్టి ఉంచే గిన్నె లాంటి తొడుగు వాడండి. కడ్డీ అతుకులు లేకుండా ఒకే ముక్కగా ఉంటే మంచిది.

గొట్టం శుభ్రం చేసే ద్రావణిలో తడిపిన పత్తిగుడ్డ ముక్కను ఒకసారి పంపి, పది నిమిషాలు వదిలేయండి. తర్వాత కంచు బ్రష్‌ను ఈ కొస నుంచి ఆ కొస దాకా పూర్తిగా దాటిస్తూ కొన్నిసార్లు నడపండి. మధ్యలో వెనక్కి తిప్పితే ముళ్లు వంగి బ్రష్ ఇరుక్కుంటుంది. ఉక్కు బ్రష్ వద్దు. మళ్లీ తడి గుడ్డ, తర్వాత పొడి గుడ్డ.

బయటికి వచ్చే గుడ్డ రంగు చదవడం నేర్చుకోండి, గొట్టం లోపలి కథంతా అందులోనే ఉంటుంది. నలుపు మందు మసి. బూడిదరంగు చారలు సీసం. ఎరుపు, ఇటుక రంగు తుప్పు. నీలం లేదా ఆకుపచ్చ అయితే గుండు పైతొడుగు వదిలిన రాగి. రాగిని కరిగించడానికి అమ్మోనియా ఉన్న ద్రావణి పనిచేస్తుంది, కానీ సీసా మీద రాసిన సమయం దాటి గొట్టంలో ఉంచవద్దు. ఇక్కడ ఒక తికమక ఉంది. కంచు బ్రష్‌లో, ఇత్తడి కొనలో కూడా రాగి ఉంటుంది, కాబట్టి అమ్మోనియా వాటినీ కరిగించి గుడ్డను నీలం చేస్తుంది. గుడ్డ ఎంతకీ తెల్లబడటం లేదని రాత్రంతా తోముతూ కూర్చునేవారు నిజానికి తమ పనిముట్టును తోముకుంటున్నారు. ఆ దశలో నైలాన్ బ్రష్‌కు, ప్లాస్టిక్ కొనకు మారండి.

శుభ్రం చేశాక గొట్టంలోకి వెలుతురు పంపి చూడండి. మెలితిరిగిన గాడులు అంచులు దేరి స్పష్టంగా ఉంటే, లోపల కాస్త మసకగా, చిన్న గుంటలతో ఉన్నా కంగారు వద్దు. అలాంటి గొట్టాలు చాలావరకు బాగానే కాలుస్తాయి. అద్దంలా మెరిపించాలని రుద్దుడు పొడి వాడితే మెరుపు వస్తుంది, గాడులు పోతాయి.

పాత సైనిక తూటాల సంగతి వేరుగా చెప్పాలి. 1950ల వరకు చాలా దేశాల్లో, సోవియట్ కూటమిలో ఆ తర్వాత కూడా చాలాకాలం, ప్రైమర్లలో (తూటా అడుగున దెబ్బకు నిప్పు పుట్టించే చిన్న గిన్నెల్లో) పొటాషియం క్లోరేట్ వాడారు. అది మండాక మిగిలేది పొటాషియం క్లోరైడ్, అంటే మన ఉప్పుకు దగ్గరి చుట్టం. గాలిలోని తేమను పీల్చి, తడి వాతావరణంలో ఒక్క రాత్రిలో గొట్టాన్ని ఎర్రబరచగలదు. నూనె దాన్ని కరిగించదు, ఉప్పు మీద మూతలా కూర్చుంటుందంతే. కరిగించేది నీళ్లే. అలాంటి తూటాలు కాల్చిన రోజే గొట్టంలో వేడినీళ్లు పోసి, బోల్టు ముఖాన్ని కూడా తడిగుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, ఆ తర్వాతే మామూలు శుభ్రత మొదలుపెట్టండి. వేడినీళ్లు ఎందుకంటే, ఇనుము వేడెక్కి తనంతట తానే త్వరగా ఆరుతుంది.

చివరగా పలచటి తుపాకీ నూనె రాసిన గుడ్డ ఒకసారి పంపండి. గొట్టం చెమ్మగిల్లితే చాలు, నూనె కారకూడదు.

బోల్టు, స్క్రూలు

బోల్టు లోపల తరచుగా కనిపించేది తుప్పు కాదు, ఎండి గోధుమరంగు జిగురుగా మారిన పాత నూనె. అది ఫైరింగ్ పిన్నును నెమ్మదింపజేస్తుంది. ప్రైమర్ మీద దెబ్బ బలంగా పడక తూటా పేలకపోవచ్చు, క్షణం ఆలస్యంగా పేలవచ్చు. మీ నమూనా బోల్టును ఎలా విప్పాలో ఆ నమూనాకే చెందిన సూచనలు చూసి విప్పండి, మీ ధైర్యాన్ని బట్టి కాదు. లోపల గట్టిగా నొక్కిపెట్టిన స్ప్రింగు ఉంటుంది. కళ్లద్దాలు పెట్టుకోండి. జిగురును ద్రావణితో కడిగి, ఆరాక పలచటి నూనెను గుడ్డతో అద్దండి. వంటనూనెలు గాలికి చిక్కబడి బంకగా మారతాయి, అవి ఇక్కడ పనికిరావు. బోల్టు చెవులు రాసుకునే చోట మాత్రం గోధుమగింజంత గ్రీజు పెట్టండి.

స్క్రూల విషయానికి వస్తే, మామూలు స్క్రూడ్రైవరు మొన ఏటవాలుగా సన్నబడుతుంది. తుపాకీ స్క్రూల గాడి గోడలు నిటారుగా ఉంటాయి. ఆ రెండూ కలిస్తే జారి, తల చెదిరి, పక్కనున్న ఇనుము మీద గీత పడుతుంది. గాడికి సరిగ్గా నిండే సమాంతర మొన ఉన్నది దొరికితేనే విప్పండి, లేకపోతే విప్పవద్దు. ముందరి స్క్రూ, వెనకటి స్క్రూ పొడవులు తరచుగా వేరు. తారుమారు చేస్తే పొడవైనది బోల్టుకు అడ్డం పడుతుంది. ఫొటో తీసుకుంటూ విప్పండి. ట్రిగ్గర్ లోపలి పట్టు అంచుల జోలికి అసలు వెళ్లవద్దు. వాటిని ఆకురాయితో 'మెత్తబరిచే' పని చేసినవారు, దానంతట అదే పేలే రైఫిల్‌ను తయారుచేసినవారవుతారు.

పైన ఉన్న ఇనుము

పాత రైఫిల్ మీది నీలినలుపు పూత రంగు కాదు, అది కూడా ఒక రకం ఇనుప ఆక్సైడే. ఎర్రతుప్పుకు దగ్గరి జాతి. ఈ ఒక్క సంగతి గుర్తుంటే సగం నష్టాలు తప్పుతాయి. నిమ్మరసం, వెనిగర్, తుప్పు కరిగించే రసాయనాలు ఎర్రతుప్పుతోపాటు ఆ పూతనూ కడిగేస్తాయి. ఐదు నిమిషాల్లో ఇనుము తెల్లగా మిగులుతుంది.

ఎర్రతుప్పు ఉన్నచోట చిక్కగా నూనె రాసి ఒక రోజు వదలండి. తర్వాత '0000' రకం, అంటే అతి సన్నటి ఉక్కు ఊలును నూనెలో ముంచి, వేలి ఒత్తిడితో మాత్రమే చిన్న చిన్న వలయాలుగా తిప్పండి. నూనె ఇటుక రంగుకు తిరుగుతుంది, గుడ్డతో తుడిచి మళ్లీ నూనె వేయండి. ఎరుపు పోయి గోధుమ నలుపు మిగిలినచోట ఆగండి. ఆ గోధుమ నలుపు స్థిరపడిన పొర, అది ఇనుమును కాపాడుతోంది. మొండి మచ్చల మీద రాగి రేకు అంచుతో గీకవచ్చు, రాగి ఉక్కు కన్నా మెత్తన. కొత్తగా పూత వేయించాలన్న కోరిక పుడితే కొంతకాలం వాయిదా వేయండి. పూత కోసం ముందు మెరుగుపెట్టాలి, ఆ మెరుగులో ముద్రలు, అంచులు అరిగిపోతాయి. సేకరించేవారి దృష్టిలో విలువ కూడా వాటితోనే పోతుంది.

చెక్క

గరుకు కాగితం వద్దు. ఇనుముకూ చెక్కకూ అంచులు సమంగా ఉండేలా చేసినవాడు చేశాడు, అరగదీస్తే చెక్క దిగిపోతుంది, దాని మీది ముద్రలు మాయమవుతాయి. మురికిని కొద్ది సబ్బు నీటిలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో తుడవండి. చెక్క ఎండినట్టు కనిపిస్తే అవిసె నూనెను అరచేత్తో పలచగా రాసి, వేడి పుట్టేదాకా రుద్ది, మిగిలింది తుడిచేయండి. మందంగా రాస్తే ఆరదు, జిడ్డుగా మిగిలిపోతుంది.

ఆ నూనె గుడ్డల గురించి గట్టిగానే హెచ్చరించాలి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దగా నలిపి మూలన పడేసిన గుడ్డ లోపల ఆ వేడి చిక్కుకుని, నిప్పు తగలకుండానే అంటుకుంటుంది. ఆరుబయట ఒంటి పొరగా పరచి ఆరబెట్టండి, లేదా నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టండి.

ట్రిగ్గర్ వెనక, మణికట్టులా సన్నబడే చోట చెక్కను వెలుతురులో చూడండి. వెదురు నార లాంటి సన్నటి పగులు అక్కడే మొదలవుతుంది. రెండు వైపులా పట్టుకుని చాలా మెల్లగా వంచి చూస్తే పగులు నోరు తెరిచి నూనె చెమరుస్తుంది. అలాంటి రైఫిల్ మరమ్మతు అయ్యేదాకా కాల్చడానికి లేదు.

ఖాళీ రైఫిల్‌తో పరీక్ష

అన్నీ బిగించాక చాంబర్ ఖాళీ అని మళ్లీ చూసి, వీలైతే మందు లేని నకిలీ తూటా పెట్టి, బోల్టు మూసి సేఫ్టీ (పేలకుండా ఆపే మీట) వేయండి. ట్రిగ్గర్ గట్టిగా లాగండి. పిన్ను కదలకూడదు. ట్రిగ్గర్ వదిలి సేఫ్టీ తీయండి, అప్పుడు కూడా కదలకూడదు. చాలామంది మొదటిది చూసి ఆగిపోతారు. అరిగిన రైఫిళ్లు బయటపడేది రెండో దగ్గరే, సేఫ్టీ తీసిన క్షణంలో పేలే రకం అవి. తర్వాత సేఫ్టీ లేకుండానే బోల్టును చురుగ్గా నాలుగైదుసార్లు మూసి, చెక్క అడుగుభాగాన్ని రబ్బరు సుత్తితో తట్టి చూడండి. పిన్ను ఒక్కసారి జారినా రైఫిల్ నిపుణుడి దగ్గరికే. అంచు మీద దెబ్బ పడి పేలే '.22' రకం రైఫిళ్లను నకిలీ తూటా లేకుండా ఉత్తిగా కొట్టవద్దు, పిన్ను చాంబర్ అంచును దెబ్బతీస్తుంది.

కాల్చే రోజు

గొట్టంలోనూ చాంబర్‌లోనూ ఉన్న నూనెను పొడిగుడ్డతో పూర్తిగా తీసేయండి. నూనె వల్ల ఇత్తడి తొడుగు చాంబర్ గోడకు అంటకపోతే, ఆ తోపు అంతా బోల్టు మీద పడుతుంది. కంటికి, చెవికి రక్షణ తప్పదు. రైఫిల్‌తోపాటు అటక మీద దొరికిన తూటాలు వాడవద్దు, వాటిని అధికారులకు అప్పగించండి. కొత్తగా కొన్న, నిపుణుడు చెప్పిన రకమే వాడండి.

మొదటి గుండును ఆ నిపుణుడే రైఫిల్‌ను చట్రానికి బిగించి, దూరం నుంచి దారంతో లాగి పేల్చితే మంచిది. తర్వాత మేగజైన్‌లో ఒక్కో తూటానే పెట్టి కాల్చండి. 'టక్' అని మాత్రమే వినిపించి పేలకపోతే మూతిని గురి దిక్కులోనే ఉంచి కనీసం నిమిషం ఆగండి, ఆలస్యంగా పేలే తూటాలు ఉంటాయి. శబ్దం మామూలు కన్నా పీలగా, తన్ను తక్కువగా అనిపిస్తే గుండు గొట్టంలోనే ఆగిపోయి ఉండవచ్చు. ఇంకో తూటా కాల్చితే గొట్టం చీలుతుంది. బోల్టు తెరిచి గొట్టం ఆరపార కనిపించేదాకా రెండో తూటా వద్దు.

ఖాళీ తొడుగులను పారేయకండి. సన్న తీగ కొనను కొక్కెంలా వంచి తొడుగు లోపలి గోడ మీద అడుగు నుంచి పైకి గీస్తూ రండి. అడుగుకు కాస్త పైన తీగ ఏదైనా గాడిలో తట్టుకుంటే, బయట అదే ఎత్తులో మెరిసే ఉంగరం లాంటి గీత కనిపిస్తే, తొడుగు విడిపోబోతోందన్న మాట. హెడ్‌స్పేస్ మళ్లీ చూపించాలి.

దాచడం, ఏడాదికోసారి చూడటం

తోలు సంచి చూడముచ్చటగా ఉంటుంది, కానీ అందులో రైఫిల్‌ను నెలల తరబడి దాచవద్దు. తోలు, స్పాంజి తేమను పట్టి ఉంచి ఇనుమును ఆనుకుంటాయి. గాలిలో తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండే తాళపు బీరువాలో, చిన్న తేమకొలత పరికరం పెట్టి ఉంచండి. సిలికా జెల్ సంచులు తేమ పీల్చి నిండిపోతాయి, అప్పుడప్పుడూ వేడిచేసి ఆరబెట్టకపోతే అవి అలంకారానికే. రైఫిల్‌ను మూతి కిందికి ఉండేలా, మెత్తటి గుడ్డ మీద నిలబెడితే మిగులు నూనె చెక్కలోకి దిగదు. ఏళ్ల తరబడి నూనె తాగిన చెక్క రిసీవర్ వెనక నల్లబడి మెత్తబడుతుంది. గొట్టం మూతికి బిరడా పెట్టవద్దు. లోపల తేమ చిక్కుకుంటుంది, మర్చిపోయి కాల్చితే అంతకన్నా ఘోరం. ఫైరింగ్ పిన్ను స్ప్రింగును వదులు చేసి ఉంచండి. వీలైతే బోల్టు వేరే తాళంలో, తూటాలు ఇంకో తాళంలో ఉండాలి. తాళం చెవి ఎక్కడుందో పిల్లలకు తెలియకూడదు, తెలియదని మనం అనుకోవడం చాలదు.

బీరువాలోనే ఒక చిన్న పుస్తకం పెట్టండి. వరుస సంఖ్య, సరిపోయే తూటా పేరు, వాడకూడని తూటాల పేర్లు, నిపుణుడు కొలిచిన తేదీ, ఎప్పుడు ఏ నూనె రాశారు, ఎక్కడ పగులు లేదా గుంట కనిపించింది, ఇవన్నీ రాయండి. రైఫిల్ మీ ముందు ఎవరెవరి చేతుల్లో ఉందో తెలిసినంతవరకు అందులోనే ఉండనివ్వండి.

చేత్తో ముట్టుకున్న ప్రతిసారీ ఇనుమును నూనెగుడ్డతో తుడవండి. చెమటలో ఉప్పు ఉంటుంది, వేలిముద్ర ఆకారంలోనే తుప్పు లేస్తుంది. ఏడాదికోసారి, గాలిలో తేమ బాగా ఉండే కాలం ముగియగానే, ఖాళీ అని చూసుకుని బయటికి తీయండి. గొట్టంలోంచి ఒక తెల్లగుడ్డ పంపండి. గుడ్డకు పాత నూనె జాడ తప్ప ఏమీ లేకపోతే కొత్త నూనె చెమ్మ అద్ది, పుస్తకంలో తేదీ వేసి తాళం పెట్టేయండి. ఎరుపు కనిపిస్తే ఆ రోజే ద్రావణి దగ్గర నుంచి మొదలుపెట్టండి, వారం తర్వాత మళ్లీ ఒక గుడ్డ పంపి చూడండి.